గీత పెట్టని టైమింగు

ఎన్నికలకు ముందురోజు మధ్యాహ్నం. సత్తెనపల్లి అవతల ఒక పత్తిచేలో మోటారు షెడ్డు. షెడ్డులో బాపయ్య పెట్రోలు జీపు. దాని వెనక నులకమంచం మీద డ్రైవరు హుస్సేన్ సాహెబ్. అతని తల దగ్గర భార్య కరీమున్.

"గీత పెట్టలేదా?"

"పెట్టలేదు బాపయ్య గారూ."

"ఏ బోల్టు విప్పినా గుర్తుకి గీత పెట్టి గానీ విప్పవు కదా నువ్వు. దీనికెందుకు పెట్టలేదు సాయిబూ?"

"తిప్పింది నేను. సర్దేదీ నేనే అనుకున్నా. ఇంక గీతతో పనేంది?"

"ఇప్పుడు చూడు మరి."

"చూడాల్సింది మీరే. నాకు ఇద్దరు బాపయ్యలు కనబడుతున్నారు. ఒక్కరితోనే వేగలేకపోయేవాణ్ణి."

"నవ్వులాటకి ఇదా టైము?"

"కరీమున్, తల కొంచెం ఎత్తు. నోట్లో ఊట ఆగట్లేదు."

"ఎత్తా. ఉమ్మెయ్. మళ్ళీ ఉమ్మెయ్. అయ్యగారూ, ఈయన కళ్ళు చూడండి. నల్లగుడ్డు ఆవగింజంత అయింది."

"చూశా. చూశాలే అమ్మా. పాలేరు కోటేష్‌ని సైకిలు మీద పంపాగా ఆరెంపీ డాక్టరు కోసం. వస్తుంటాడు."

"ఆరెంపీ గారు పార్టీ వాళ్ళతో ఓటరు చీటీలు పంచడానికి పోయారని పొద్దున మీరే అన్నారు."

"చీటీలు అయిపోతాయిగా ఎప్పటికైనా."

"ట్రాక్టరు?"

"ఎన్నిసార్లు అడుగుతావు? ట్రాక్టరు నిన్ననే తీసుకుపోయారు, ఎన్నికల సామాను మొయ్యడానికి. ఊళ్ళో ఆటోలు పోయాయి. పాల వ్యాను పోయింది. అద్దం మీద కాయితం అంటించి తోలుకుపోయారు. ఎద్దులంటావా, ట్రాక్టరు కొన్నాక అమ్మేశా. మిగిలింది ఇదొక్కటే."

"ఇది కదలదని వదిలేశారు."

"అవును. కదలదనే వదిలేశారు."

"కదలకుండా చేయించింది ఎవరండి?"

"కరీమున్, నువ్వు ఊరుకో. ఆయన చెయ్యమన్నారు, నేను చేశా. ఎన్నికలకి పోయిన బండి మళ్ళీ మామూలుగా ఇంటికి రాదు. నాకూ పంపబుద్ధి కాలేదు."

"అదీ. అతనికీ తెలుసు. రెవెన్యూ వాళ్ళొచ్చి ఇంజను ముందు హ్యాండిలు వేసి తిప్పితే సైలెన్సరులో తుపాకీ పేలినట్టు పేలింది. వాళ్ళే పారిపోయారు. ఆ రోజు ఎంత నవ్వుకున్నాం సాయిబూ."

"నవ్వుకున్నాం."

"చేలో పురుగుమందు కొట్టమంది కూడా నవ్వుకోడానికేనా అండి?"

"కొట్టేవాడు రాకపోతే నన్నేం చెయ్యమంటావు? ఇమ్మానియేలు బూతు కాడ టెంటు వేసే పనికి పోయాడు. పురుగు ఎన్నికలకి ఆగుద్దా? బండి కదలదు, ఖాళీగా ఉన్నావు, మందు డబ్బా ఎత్తుకో సాయిబూ అన్నా. మూతికి గుడ్డ కట్టుకోమన్నానా లేదా?"

"కట్టుకున్నాడు. నేనే కట్టా. తడిసిన గుడ్డ కట్టుకున్నా ఒకటే, కట్టుకోకపోయినా ఒకటే."

"గాలి ఎదురు తిరిగింది. గాలిని నేను తిప్పానా?"

"గాలి సంగతి తర్వాత మాట్లాడుకోండి. బాపయ్య గారూ, డిస్ట్రిబ్యూటరు మూత తీశారా?"

"ఏది డిస్ట్రిబ్యూటరు?"

"నల్ల మూత. వైర్లు దాంట్లోంచే వస్తుంటాయి."

"ఆఁ, ఉంది. తేలు మాదిరి."

"పక్కన క్లిప్పులుంటాయి. స్క్రూడ్రైవరుతో నెట్టండి. వైర్లు పీకొద్దు. మూత ఒక్కటే లేపి పక్కన పెట్టండి."

"ఒక క్లిప్పు వచ్చింది. రెండోది రావట్లేదు."

"వెనక నుంచి వేలు పెట్టి లాగండి. పేకముక్కలు లాగే వేళ్ళేగా, వస్తది."

"వచ్చింది. లోపల తెడ్డులాంటిది ఏదో ఉంది."

"అది రోటరు. దాని కింద రెండు చిన్న ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పాయింట్లు. అవి విడిపడ్డప్పుడు ప్లగ్గులో నిప్పు పుడుద్ది. ఎప్పుడు విడిపడాలన్నదే టైమింగు. ఆ రోజు నేను ఈ డిస్ట్రిబ్యూటరు డబ్బా మొత్తం పక్కకి తిప్పేశా. ఇప్పుడు నిప్పు తప్పు టైముకి పుడుతోంది. అంతే దీని రోగం."

"అంతే అంట."

"నేను లేస్తే బీడీ కాలేలోపు సర్దుతా."

"లే మరి."

"కాళ్ళు మాట వినట్లేదు. పిక్కల మీద చర్మం దానంతటదే ఎగురుతోంది. కరీమున్, గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉన్నా."

"బాపయ్య గారూ, మొదటి ప్లగ్గు తియ్యండి. రేడియేటరు పక్కది."

"సెల్ఫు కొట్టి చూస్తే పోలా ముందు?"

"బ్యాటరీ దిగిపోయింది. బల్బు వెలగడానికి సరిపోద్ది, ఇంజను తిప్పడానికి చాలదు. హ్యాండిలే గతి. ప్లగ్గు తియ్యండి."

"పానా ఏది?"

"సీటు కింద గోతంలో. గొట్టంలా ఉంటది."

"నేనిస్తా, నాకు తెలుసు. ఇదిగోండి అయ్యగారూ."

"నువ్వు అతని కాడే ఉండమ్మా. తీశా. వచ్చింది ప్లగ్గు."

"ఆ కన్నంలో గుడ్డపీలిక కుక్కండి. గట్టిగా వద్దు. సీసాకి బిరడా పెట్టినట్టు."

"గుడ్డ ఏది? ఇక్కడున్నవన్నీ మందు గుడ్డలే."

"నా కొంగు చించుతున్నా. తీసుకోండి."

"పెట్టా. ఇప్పుడు?"

"హ్యాండిలు పెట్టి నిదానంగా తిప్పండి. లోపల గాలి నొక్కుకుంటే గుడ్డ ఎగిరి బయట పడుద్ది. అక్కడ ఆపండి. మొదటి సిలిండరు కొట్టే వేళ అదే."

"తిప్పుతున్నా. బరువుగా ఉంది. సాయిబూ, ఏదీ ఎగరట్లేదు."

"తిప్పండి."

"ఇది అసలు తిరుగుతోందా అని?"

"మీరు తిప్పితే తిరుగుద్ది."

"ఎగిరింది. ఎగిరి గడ్డానికి కొట్టింది."

"మంచిది. ఆపండి. ముందర కింద పుల్లీ ఉంటది. దాని అంచు మీద గాటు. గాటుకి ఎదురుగా కవరు మీద ముల్లు."

"అంతా మట్టీ గ్రీజూ. గాటూ లేదు, ముల్లూ లేదు."

"ఉంటాయి. మీ తమలపాకుల సంచిలో సున్నం ఉందా?"

"సున్నమా? ఉంది. ఇప్పుడు ఆకు వేసుకుంటావా?"

"పుల్లీకి వేస్తా. అంచు తుడిచి, గాటు దొరికాక దాంట్లో సున్నం మెత్తండి. తెల్లగా కనబడుద్ది."

"తుడుస్తున్నా. ఉంది, గోరుకి తగిలింది. ముల్లు కూడా ఉంది. మెత్తా."

"ఇప్పుడు హ్యాండిలు పిసరు పిసరు కదపండి. తెల్లగాటు ముల్లు ఎదురుకి రావాలి. దాటకూడదు."

"వస్తోంది. వస్తోంది. ఇంకొంచెం. దాటింది."

"ఎంత?"

"వేలంత. వెనక్కి తిప్పనా?"

"వద్దు. వెనక్కి తిప్పితే లోపల గేరు పళ్ళ వదులు కలిసి లెక్క తప్పుద్ది. గుడ్డ కుక్కి మళ్ళీ చుట్టు రండి."

"మళ్ళీ మొదట్నించీనా?"

"మొదట్నించీ."

"ఒక్క వేలేగా అంటున్నారు. ఒక్క వేలుకి ఇంత చెయ్యాలా? నీ ఊపిరి చూసుకోవయ్యా. లోపల ఈల వేస్తోంది."

"కరీమున్, ఒక్క వేలు తప్పితే ఇది మనిషి చెయ్యి విరగ్గొడుద్ది. బాపయ్య గారిది విరిగితే మనల్ని తీసుకుపోయేది ఎవరు?"

"తిప్పుతున్నానయ్యా, తిప్పుతున్నా. ఈ బండి కొన్నాక నేను బానెట్టు ఎత్తడం ఇదే. చక్రం తిరుగుద్ది, సాయిబు ఉన్నాడు, ఇంతే నాకు తెలిసింది."

"మీకు తెలియాల్సింది కూడా అంతే. నా కూడు అందులోనే ఉంది."

"మాట్లాడకు. అలిసిపోతావు."

"మాట్లాడకపోతే ఈయనకి తెలీదే."

"గుడ్డ ఎగిరింది. ఆపా. ఇప్పుడు పిసరు పిసరు. ఆఁ. ఆఁ. వచ్చింది సాయిబూ. ముల్లు ఎదురుగా నిలబడింది. దాటలేదు."

"దాటలేదుగా?"

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దులే. ఇవాళ నా మీద వేసిన ఒట్లు నిలబడేట్టు లేవు."

"ఆ మాటలు ఎందుకయ్యా?"

"ఊరికే అన్నా కరీమున్. బల్బు తియ్యి. వైర్లున్న బల్బు."

"తీశా. ఒక కొస డిస్ట్రిబ్యూటరు మేకుకి, ఒకటి ఇంజను ఇనుముకి. అంతేగా?"

"అంతే. బాపయ్య గారికి చూపించి, బల్బు నా కాడికి లాగు. నేను చూస్తా. బాపయ్య గారూ, స్విచ్చి తిప్పండి."

"తిప్పా. వెలగలేదు."

"వెలగకూడదు ఇంకా. పాయింట్లు విడిపడితేనే వెలిగేది. డబ్బా కింద బిగింపు బోల్టు వదులు చెయ్యండి. చేశాక డబ్బా మొత్తం గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పండి. వెంట్రుక, వెంట్రుక."

"ఇటా?"

"గడియారం వైపు. మీ చేతికి వాచీ ఉందిగా."

"ఉందిలే. తిప్పుతున్నా. తిరగట్లేదు. బిగుసుకుపోయింది."

"బిగుసుకోదు. మొన్న తిప్పింది నేనేగా. రెండు చేతులతో పట్టుకుని తిప్పండి."

"కదిలింది. కదులుతోంది."

"చాలా నిదానంగా. వెలగ్గానే ఆపండి."

"వెలిగిందయ్యా. వెలిగింది, చూడు."

"ఏది?"

"ఇదుగో. నీ మొహం ముందే పట్టుకున్నా."

"ఏది కరీమున్?"

"ఇదుగోనయ్యా, నీ ముక్కుకి ఆనించా."

"వేడి తగులుతోంది. పొద్దుగూకిందా?"

"అయ్యగారూ, పొద్దుగూకిందా అని అడుగుతున్నాడు. మీరు చెప్పండి."

"మిట్టమధ్యాహ్నం సాయిబూ."

"అయితే సరే. వెలిగిందని కరీమున్ అందిగా. అక్కడే ఆపి బోల్టు బిగించండి. బిగించేటప్పుడు డబ్బా కదలకుండా."

"కదలకుండా?"

"కదలకుండా."

"కదలకుండా ఏం చెయ్యాలి సాయిబూ? బానెట్టు అడ్డం, నువ్వు నాకు కనబడట్లేదు. గట్టిగా చెప్పు."

"గొంతు రావట్లేదండి. పెదాలు కదులుతున్నాయి. ఉండండి, చెవి పెడతా."

"ఏమంటున్నాడు?"

"ఎడంచేత్తో డబ్బా పట్టుకుని, కుడిచేత్తో బిగించమంటున్నాడు."

"బిగించా."

"మూత పెట్టమంటున్నాడు. ప్లగ్గు పెట్టమంటున్నాడు. స్విచ్చి అట్టాగే ఉంచమంటున్నాడు."

"కోటేష్ జాడ లేదే. సైకిలు గాలి పోయిందో ఏందో. మూత పెట్టా. ప్లగ్గు పెడుతున్నా. ఎట్టా ఉందమ్మా అతనికి?"

"ఎట్టా ఉంటదండి? మాట్లాడితే నురగ వస్తోంది. తుడుస్తున్నా, వస్తోంది. ఆగండి, మళ్ళీ ఏదో అంటున్నాడు."

"ఏంటది?"

"చోకు లాగమంటున్నాడు. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు చుట్టూ వెయ్యొద్దంటున్నాడు. అన్ని వేళ్ళూ ఒకే పక్క. కింద నుంచి పైకి లాగి వదిలెయ్యమంటున్నాడు. కిందకి నొక్కొద్దంట."

"చెప్పు, అట్టాగే చేస్తానని. సాయిబూ, సత్తెనపల్లి ఆసుపత్రిలో నాకు కాంపౌండరు తెలుసు. సూది పడితే సాయంత్రానికి లేచి కూచుంటావు. ఇదుగో, లాగుతున్నా. ఊఁ."

"రాలేదండి."

"రాలేదు. మళ్ళీ. ఊఁ."

"రాలేదు."

"దగ్గింది. విన్నావా, దగ్గింది. మళ్ళీ. ఊఁ. అమ్మో. అమ్మా."

"ఏమైందండి?"

"తన్నింది. హ్యాండిలు ఎదురు తన్నింది. మణికట్టు పోయింది. వేళ్ళు ముడుచుకోవట్లేదు. ఏంది సాయిబూ ఇది? నువ్వు చెప్పినట్టే చేశాగా. సాయిబూ. కరీమున్, ఏమంటున్నాడు?"

"ఆఁ?"

"ఏమంటున్నాడు?"

"ఉండండి."

"ఏమంటున్నాడని అడుగుతుంటే ఉండమంటావేంది?"

"ఉండండి అంటున్నా కదా."

"నా చెయ్యి పోయింది ఇక్కడ. ఎందుకు తన్నిందో అడుగు."

"నిప్పు ముందు పడుతోందంటున్నాడు. బిగించేటప్పుడు డబ్బా కదిలిందంట. బోల్టు వదులు చేసి గడియారానికి ఎదురు తిప్పాలంట. వెంట్రుక వాసి."

"నీ గొంతు అట్టా అయిందేంది?"

"మందు వాసనండి. పొద్దుట్నించీ దాంట్లోకి నీళ్ళు మోస్తున్నాగా."

"నువ్వు కూడా పడిపోమాక. ఎడంచేత్తో బోల్టు విప్పుతున్నా. వదులైంది. వెంట్రుక వాసి అంటే ఎంత?"

"తిప్పినట్టు మీకు తెలియాలి, చూసేవాళ్ళకి తెలియకూడదు. అంత."

"అట్టా అన్నాడా?"

"ఎప్పుడూ అట్టాగే అంటాడండి."

"తిప్పా. బిగించా. ఈసారి కదల్లేదు, పళ్ళు బిగబట్టి పట్టుకున్నా. కానీ కుడిచెయ్యి పనికిరాదు. హ్యాండిలు ఎవరు తిప్పుతారు? ఎడంచేత్తో నావల్ల కాదు."

"నేను తిప్పుతానండి."

"నువ్వా? నువ్వొస్తే అతను చెప్పేది ఎవరు వింటారు?"

"చెప్పాల్సింది చెప్పాడు. అవసరమైతే పోయి అడిగొస్తా."

"ఆడదానివి, తన్నితే విరిగిపోద్ది."

"విరగనివ్వండి. జరగండి."

"బొటనవేలు చుట్టొద్దు."

"తెలుసండి."

"ఒక్క నిమిషం ఉండు. చెమట ఎట్టా ఉంది అతనికి? ఇందాక ఏరులా కారింది."

"ఆగిందండి."

"ఆగిందా?"

"ఆగింది."

"మరి చెప్పవేం? చెమట ఆగిందంటే తగ్గుముఖం. మా పెదనాన్నకి పాము కరిస్తే అంతే, చెమట ఆగింది, లేచి మజ్జిగ అడిగాడు. కాళ్ళు ఎగరడం?"

"అదీ ఆగింది."

"చూశావా. సాయిబూ, వింటున్నావా? ఆ మందు డబ్బా నీ భుజానికి మళ్ళీ ఎత్తను. ఎత్తితే నన్ను అడుగు. ఈసారి ఎన్నికలొస్తే బండి నేనే తోలుకుపోయి అప్పజెబుతా. టైర్లు అరిగిపోనీ, ఇంజను పాడైపోనీ. విన్నాడా?"

"విన్నాడండి."

"ఏమన్నాడు?"

"ఏమనలేదు."

"ఊరికే ఉన్నాడా? నా మీద కోపంగా ఉన్నాడా?"

"కోపం లేదండి. నవ్వాడు."

"నవ్వాడా?"

"నవ్వాడు."

"నవ్వినవాడు ఎక్కడికీ పోడు. తిప్పమ్మా. నేను యాక్సిలరేటరు చూసుకుంటా. తిప్పు."

"ఊఁ."

"మళ్ళీ."

"ఊఁ."

"పట్టుకుంది. పట్టుకుంది. ఆగు, ఆగు, అయ్యో. సైలెన్సరులో పేలి ఆగిపోయింది. ఇప్పుడేమైంది? ఆ రోజు రెవెన్యూ వాళ్ళకి పేలినట్టే పేలింది. మళ్ళీ అక్కడికే వచ్చామా? అడుగు. పోయి అడుగు తల్లీ."

"అడిగొస్తా."

"తొందరగా."

"వస్తున్నానండి."

"ఏమన్నాడు?"

"వెనక్కి ఎక్కువ పోయింది. నిప్పు ఆలస్యంగా పడుతోంది. సగం వెంట్రుక గడియారం వైపు."

"సగం వెంట్రుకా? వెంట్రుకే కనబడకపోతే అందులో సగమా?"

"నేను తిప్పుతా. మీరు బోల్టు చూసుకోండి."

"నీకు తెలుస్తదా?"

"ఆయన తిప్పుతుంటే బల్బు పట్టుకున్నది నేనేగా ఇన్నాళ్ళూ. వదులు చెయ్యండి. చాలు. బిగించండి."

"ఎంత తిప్పావో కూడా నాకు కనబడలేదు."

"బిగించండి."

"బిగించా. ఒకసారి మంచం కాడికి పోయి అతన్ని పలకరించొస్తా. పాపం, ఒక్కడే పడి ఉన్నాడు."

"వద్దండి."

"ఏం?"

"మాట్లాడిస్తే ఆయాసం వస్తది. బండి ముందు. మీరు సీట్లో కూచోండి. నేను తిప్పుతా."

"సరే. కూచున్నా. చోకు సగం పెట్టా. కానియ్యి."

"ఊఁ. ఊఁ."

"ఇంకోసారి. అదీ. అదీ. పట్టుకుంది కరీమున్. నిలబడింది. విన్నావా, నిలబడింది. సాయిబూ, ఇంజను వినబడుతోందా? నీ బండే. నీ చేతిలో ఉన్నట్టే ఉంది."

"కాలు తియ్యొద్దండి, ఆగిపోద్ది."

"తియ్యను. నేను దిగితే ఆగిపోద్ది. అతన్ని ఎట్టా ఎక్కించడం?"

"మీరు దిగొద్దు. బానెట్టు నేను దించుతా. వెనక తలుపు దించుతా. బండి మంచం దాకా వెనక్కి తీసుకురండి. మంచం ఎత్తూ బండి ఎత్తూ దాదాపు ఒకటే. నేను జరుపుతా."

"నీ ఒక్కదాని వల్ల అవుద్దా?"

"అవుద్ది. ఏముందండి ఆయన ఒంట్లో? రండి. రండి. ఇంకొంచెం. ఆపండి."

"మెల్లగా. తల తగలనివ్వకు."

"తగలనివ్వను."

"అయిందా?"

"ఇంకొంచెం. అయింది. నేనూ ఎక్కా. తల ఒళ్ళో పెట్టుకున్నా. పోనివ్వండి."

"మొహం మీద ఆ కొంగేంది? అద్దంలో కనబడుతోంది."

"దుమ్మండి. డొంకంతా దుమ్మేగా."

"నిజమే. కప్పి ఉంచు. నేను ట్రాక్టరు తోలినవాణ్ణి, ఒంటిచేత్తో తోలతా. గుంతలొస్తాయి, గట్టిగా పట్టుకో. సాయిబూ, కాస్త ఓర్చుకో. నీ బండి ఎంత బాగా లాగుతోందో చూడు. రెండో గేరులో గట్టెక్కింది. ఇదివరకు నువ్వున్నప్పుడు కూడా ఇట్టా ఎక్కలేదు. ఏమ్మా, విన్నాడా?"

"తోలండి."

"ఎదురుగా వస్తోంది సైకిలు. కోటేషే. ఒక్కడే వస్తున్నాడు. ఆరెంపీ దొరకలేదన్నమాట. ఆగనులే, ఆగితే మళ్ళీ ఎవడు హ్యాండిలు తిప్పుతాడు? దొరికినా ఏం చేసేవాడు లే, గ్లూకోజు ఎక్కించేవాడు. ఆసుపత్రే నయం. ఇదుగో, తారురోడ్డు వచ్చేసింది. ఇట్టా తిప్పితే సత్తెనపల్లి. పది నిమిషాలు ఓపిక పట్టమను."

"అటు తిప్పొద్దండి."

"ఏం?"

"వినుకొండ రోడ్డెక్కండి. కనిగిరి పోవాలి."

"మతి పోయిందా? కనిగిరిలో ఏముంది?"

"ఈయన వాళ్ళమ్మ ఉంది. మా వాళ్ళున్నారు. మీ ఊళ్ళో మాకు ఖబరస్తాన్ లేదు."

"ఆ మాటెందుకు ఎత్తుతావు ఇప్పుడు? చెమట ఆగిందంటివి, నవ్వాడంటివి. కనిగిరి చేరేసరికి పొద్దుగూకుద్ది, అప్పటిదాకా మనిషి ఆగుతాడా? నీ మాట నేను వినను. సాయిబునే అడుగు. ఎటు పోవాలో అతన్నే చెప్పమను."

"హ్యాండిలు మీ చేతిని తన్నేసరికే ఆయన మాటా ఊపిరీ ఆగిపోయాయండి. ఆ తర్వాత చెప్పిందంతా నేనే. శవాన్ని మొయ్యడానికైతే మీరు బండి బాగుచేసేవాళ్ళు కాదు."